ఫ్రీ డబ్బు క్లాసులు: వెళ్లండి, కానీ మీ లోన్ కాగితం పట్టుకుని వెళ్లండి

మా బస్తీ కమ్యూనిటీ హాలు గోడ మీద ఒక కాగితం అంటించారు. డబ్బు సంగతులు, ఎనిమిది శనివారాలు, పూర్తిగా ఉచితం అని. చూసి వదిలేశాను. ఉచితం అని రాసి ఉన్న ప్రతిదాని వెనక ఒక ఫారం ఉంటుంది, చివర్లో సంతకం పెట్టమంటారు, ఆ మాత్రం అనుభవం మనకీ ఉంది కదా. కానీ పక్కింటి అక్క తన పేరు రాయించుకుంటూ, తోడుకి నా పేరు కూడా రాయించేసింది. అలా వెళ్లాను. ఎనిమిదిలో ఏడు క్లాసులు కూర్చున్నాను, ఒకటి అర్జెంటు పని పడి ఎగ్గొట్టాను. నేను ఇంట్లో మెషిన్ పెట్టుకుని బట్టలు కుడతాను. క్లాసులు అయిపోయి ఐదు నెలలు దాటింది. ఏది బుర్రలో మిగిలిందో, ఏది గాలికి పోయిందో తేలాకే రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా: ఐదుకి మూడున్నర. అందులో రెండున్నర మూడో వారం క్లాసుకీ, ఆ తర్వాత నన్ను విడిగా కూర్చోబెట్టి నా కాగితాలు చూసిన అరగంటకీ. మిగతాదంతా కలిపి ఒకటి. అది కూడా నేను ఎక్కువే ఇచ్చానని పక్కింటి అక్క అంటుంది.

మొదటి రోజు ముప్పై మంది దాకా వచ్చాం. చివరి రోజు లెక్కపెడితే పదకొండు మంది. సాయంత్రం ఆరింటికి మొదలు, ఎనిమిదింటికి వదలాలి. ఆరింటికి పని నుంచి ఎవరొస్తారు? ఆరున్నర దాకా కుర్చీలు సర్దుకోవడమే సరిపోయేది. పిల్లల్ని తీసుకురావచ్చు అన్నారు కానీ పిల్లలకి ఒక మూల చాప తప్ప ఏమీ లేదు, వాళ్లు ప్రొజెక్టర్ వెలుగులో చేతులు పెట్టి గోడ మీద కుక్క, కొంగ బొమ్మలు వేస్తుంటే మేం పాఠం విన్నాం. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు, నిజం చెప్పాలంటే కొన్ని పాఠాల కంటే ఆ కొంగే బాగుంది.

చెప్పేవాళ్లు ఇద్దరు. ఒక మేడం, వయసులో పెద్దావిడ, రిటైరయ్యారట. ఇంకొకతను కుర్రాడు, మేం తమ్ముడూ అని పిలిచేవాళ్లం. తమ్ముడికి స్లైడ్లు ఇష్టం. మేడంకి సుద్దముక్క ఇష్టం. ఈ ఒక్క తేడాతోనే ఏ క్లాసు బాగుంటుందో ముందే తెలిసిపోయేది.

మొదటి క్లాసు మేడం మూడు ప్రశ్నలతో మొదలుపెట్టారు. 100 బ్యాంకులో వేశారు, ఏడాదికి 2 శాతం వడ్డీ, ఐదేళ్లు ముట్టుకోలేదు, అప్పుడు 102 కంటే ఎక్కువ ఉంటుందా, సరిగ్గా 102 ఉంటుందా, తక్కువ ఉంటుందా? రెండోది, వడ్డీ 1 శాతం వస్తూ ధరలు 2 శాతం పెరిగితే ఏడాది తర్వాత ఆ డబ్బుతో ఎక్కువ కొనగలమా తక్కువా? మూడోది, ఒకే కంపెనీ షేరు కొనడం కంటే చాలా కంపెనీలున్న మ్యూచువల్ ఫండ్ కొనడంలో భద్రత ఎక్కువా కాదా? నాకు రెండోది ఒక్కటే సరిగ్గా వచ్చింది, దారం రేటు, జిప్పు రేటు ఏడాదికోసారి చూసేదాన్ని కాబట్టి. మొదటిదానికి 102 అని రాశాను. ఐదేళ్లు అన్న మాట కళ్లు చూశాయి, చెయ్యి మాత్రం ఒక్క ఏడాది లెక్కే వేసింది. చాలామంది ముఖాలు చిన్నబోయాయి. అప్పుడు మేడం చెప్పారు, ఈ ప్రశ్నలు అన్నమారియా లూసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తయారుచేసినవని, 2004లో అమెరికాలో యాభై దాటినవాళ్లని అడిగితే మూడింటికి మూడూ సరిగ్గా చెప్పింది మూడోవంతు మందేనని. హాలంతా ఒక్కసారిగా తేలికపడింది. ఒక పెద్దాయనైతే గట్టిగా నవ్వి, అయితే మనం వాళ్లకేం తీసిపోలేదన్నమాట అన్నాడు. క్లాసు మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

రెండో వారం బడ్జెట్. ఇది తమ్ముడిది, మొత్తం ఎనిమిదిలో నాకు ఒళ్లు మండిన క్లాసు ఇదే. ఒక కాగితం పంచాడు. పైన ఒక గడి: నెల ఆదాయం. కింద గడులు: అద్దె, కరెంటు, స్కూలు ఫీజు, పొదుపు, ఇతరాలు. నెల ఆదాయం గడిలో ఏం రాయాలో నాకు అర్థం కాలేదు. నా పక్కన కూర్చున్నామె రోజు కూలికి వెళ్తుంది, పని ఉన్న రోజు డబ్బు, లేని రోజు లేదు. ఆమె పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. వెనక నుంచి ఒకాయన అడిగాడు, "తమ్ముడూ, ఏ నెలది రాయమంటావు?" తమ్ముడు సగటు రాయండి అన్నాడు. సగటు నెల ఎప్పుడొస్తుందో చెబితే అప్పుడే అద్దె కడతాను అన్నాడాయన. అందరం నవ్వాం. తమ్ముడు కూడా నవ్వాడు కానీ జవాబు లేదు. పైగా తర్వాతి స్లైడు, అనవసర ఖర్చులు తగ్గించుకోవడం ఎలా. ఇంట్లో తగ్గించడానికి ఏమైనా మిగిలుంటే మేం శనివారం సాయంత్రం ఇక్కడెందుకు కూర్చుంటాం?

అయితే అన్యాయం మాట్లాడకూడదు. ఆ గొడవ మేడం చెవిన పడినట్టుంది, తర్వాతి వారం మొదటి పది నిమిషాలు ఆవిడ తీసుకుని ఒక మాట చెప్పారు. పోయిన పన్నెండు వారాల్లో మీకు అన్నిటికంటే తక్కువ వచ్చిన వారం ఏది? ఆ అంకె మీద ఇల్లు నడిచేలా చూసుకోండి. దానికంటే ఎక్కువ వచ్చిన వారం, ఆ ఎక్కువలోంచి తక్కువ వారం కోసం పక్కన పెట్టండి, అంటే మీకు మీరే జీతం ఇచ్చుకుంటున్నట్టు. ఇది నేను చేస్తున్నాను. పూర్తిగా కుదరడం లేదు, తక్కువ వారం మీద ఇల్లు నడవాలంటే ఇల్లు కూడా ఒప్పుకోవాలి కదా. కానీ పని ఎక్కువున్న వారం చేతిలో డబ్బు చూసి, అమ్మయ్య అనుకుని పాత బాకీలన్నీ ఒకేసారి తీర్చేసి మళ్లీ రెండో వారానికే చేబదులు అడిగే పద్ధతి మాత్రం తగ్గింది.

ఇక మూడో వారం. దీని గురించి నేను ఎక్కువే రాస్తాను, వద్దనుకునేవాళ్లు కిందికి వెళ్లిపోవచ్చు.

మేడం బోర్డు మీద 10,000 అని రాశారు. మన దగ్గర వారం వడ్డీలకి ఇచ్చేవాళ్లు ఎలా ఇస్తారో మీరే చెప్పండి అన్నారు. అందరూ ఒకేసారి చెప్పారు: వెయ్యి ముందే పట్టుకుంటారు, చేతికి 9,000 ఇస్తారు, వారానికి 1,000 చొప్పున పది వారాలు కట్టాలి. వడ్డీ ఎంత అని అడిగారు. పది శాతం అన్నాం. అందరం అన్నాం, నేను కూడా. పదివేలకి వెయ్యి, పది శాతమే కదా. మేడం ఏమీ అనకుండా బోర్డు మీద ఒక మెట్ల బొమ్మ గీశారు. పై మెట్టు మీద 9,000. ఒక్కో వారం ఒక్కో మెట్టు దిగుతూ చివరికి సున్నా. "ఈ పది వారాల్లో మీ దగ్గర సగటున ఎంత ఉంది?" అని అడిగారు. మొదట్లో తొమ్మిది వేలు, చివర్లో వెయ్యి లోపు, అంటే మధ్యన ఒక ఐదు వేలు. "ఐదు వేలు మీ దగ్గర పది వారాలు ఉంచుకున్నందుకు వెయ్యి ఇచ్చారు. ఐదు వేలకి వెయ్యి ఎంత శాతం?" ఇరవై. "ఏడాదిలో పది వారాలు ఎన్నిసార్లు?" ఐదుసార్లు. ఐదు ఇరవైలు వంద. బోర్డు మీద 100 శాతం అని రాసి సుద్దముక్క కింద పెట్టేశారు.

హాల్లో చప్పుడు లేదు. పిల్లలు కూడా కొంగ బొమ్మ ఆపేసి చూస్తున్నారు, ఎందుకు అందరూ ఊరుకున్నారో అర్థం కాక. మా అమ్మాయి ఇంటర్ కామర్స్ చదువుతోంది, ఇంటికొచ్చాక ఫోన్లో ఏదో లెక్క వేసి, పక్కాగా వేస్తే 102 దాకా వస్తోందమ్మా అంది. అంటే మేడం మెట్ల బొమ్మ ఉజ్జాయింపే అయినా తప్పేం కాదు. నేను ఎన్నేళ్లుగా అలా తీసుకుంటున్నానో లెక్కేసుకోవడం మాత్రం మానేశాను, ఆ రాత్రి నిద్ర పట్టాలి కదా.

ఆ తర్వాత ఫ్లాట్ రేటు గురించి చెప్పారు. ఇది వారం వడ్డీల కంటే ముదురు, ఎందుకంటే ఇది ప్రింటు కాగితం మీద, ఏసీ ఆఫీసులో, సార్ మేడం అని పిలుస్తూ ఇస్తారు. పదివేలు అప్పు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు వాయిదాలు అంటే వడ్డీ 1,200 కలిపి నెలకి 933 కడతాం. మనం నెలనెలా అసలు తీరుస్తూ వస్తాం కానీ వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం పదివేల మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. కాబట్టి ఎవరైనా ఇంత శాతం అంటే, అడగాల్సిన మొదటి మాట "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని. రెండో మాట, అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుంది అని. ఆ రెండోదాన్ని ఏపీఆర్ అంటారు. అమెరికాలో 1968లో చేసిన చట్టం ప్రకారం అప్పిచ్చేవాడు ఆ అంకె తప్పకుండా చూపించాలి, ఇప్పుడు చాలా దేశాల్లో ఇలాంటి రూల్సే ఉన్నాయి. చూపించాలి అంటే చూపిస్తారు, సరే, ఎనిమిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో చూపించినా చూపించినట్టే. అమెరికాలోనే జీతం వచ్చేదాకా అని రెండు వారాలకి 100కి 15 తీసుకునే అప్పులున్నాయట, అవి ఏడాదికి లెక్కేస్తే 390 శాతం. పదిహేనే కదా అనిపిస్తుంది. అదే కిటుకు.

క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు మా క్లాసులో ముగ్గురే. వాళ్ల కోసం మినిమం డ్యూ గురించి చెప్పారు, అంటే ఈ నెల కనీసం ఇంత కడితే చాలు అని బిల్లులో చూపించే అంకె. నెలకి 2 శాతం వడ్డీ పడుతూ, నెలనెలా బాకీలో 3 శాతం మినిమం మాత్రమే కడుతూ పోతే, ఇంకేమీ వాడకపోయినా ఆ బాకీ సగానికి రావడానికే ఐదేళ్లు దాటుతుంది. సగానికి! ముగ్గురిలో ఒకతను ఫోన్ తీసి ఏదో చూసుకుని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. ఏం చూశాడో ఎవరూ అడగలేదు.

72 లెక్క కూడా ఆ రోజే. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో దాదాపుగా తెలుస్తుంది. 6 శాతం అయితే పన్నెండేళ్లు. 36 శాతం అప్పు కట్టకుండా వదిలేస్తే రెండేళ్లు. ఈ కిటుకు గురించి 1494లోనే ఇటలీలో లూకా పాచోలీ అనే గణిత పండితుడు రాశాడట. ఐదు వందల ఏళ్లకి పైగా తెలిసిన సంగతి మా బస్తీకి ఇప్పుడొచ్చిందా అని పక్కింటి అక్క గొణిగింది.

క్లాసు అయ్యాక మేడం అన్నారు, ఎవరి దగ్గరైనా లోన్ కాగితాలుంటే వచ్చే వారం తెచ్చుకోండి, విడిగా కూర్చుని చూద్దాం అని. ఈ మాట గోడ మీద అంటించిన కాగితంలో లేదు. ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఉంటే అదొక్కటి చూసి జనం వచ్చేవారు.

నేను ఓవర్‌లాక్ మెషిన్ కోసం తీసుకున్న లోన్ కాగితాలు పట్టుకెళ్లాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అప్పు 40,000, పద్దెనిమిది నెలలు, 14 శాతం అని చెప్పారు, నేనూ అందరికీ 14 అనే చెప్పుకున్నాను, పైగా కొంచెం గర్వంగా. మేడం కళ్లజోడు సవరించుకుని ఒక్కో పేజీ వేలితో చదువుకుంటూ వెళ్లారు. "నీకు చేతికి ఎంత వచ్చిందమ్మా?" అన్నారు. 37,400 అన్నాను. మిగతా 2,600 ఏమైంది? "ప్రాసెసింగ్‌కి అని చెప్పారు, మేడం" అన్నాను. ఆవిడ పేజీ తిప్పి చూపించారు. ప్రాసెసింగ్ ఫీజు అందులో ఒక ముక్కే. ఎక్కువ భాగం నా పేరు మీద తీసిన ఒక ఇన్సూరెన్స్. నాకు ఇన్సూరెన్స్ ఉందని నాకే తెలియదు! సంతకం మాత్రం నాదే, కింద వంకరగా, నేను తొందరలో పెట్టే సంతకం.

తర్వాత లెక్క. 14 ఫ్లాట్ అంటే ఏడాదిన్నరకి వడ్డీ 8,400, మొత్తం 48,400, నెలకి 2,689 చొప్పున. తగ్గే బాకీ మీద లెక్కేస్తే 25 శాతం. చేతికి వచ్చింది 37,400 మాత్రమే అని లెక్కేస్తే 34 శాతం. ఆవిడ 14 చుట్టూ ఒక సున్నా చుట్టి, పక్కన 34 అని రాసి, ఆ కాగితం నాకే ఇచ్చేశారు. అది ఇప్పుడు మెషిన్ పైన గోడకి అంటించి ఉంది.

సోమవారం ఆ లోన్ ఇచ్చిన ఆఫీసుకి వెళ్లాను, నేను, పక్కింటి అక్క. ఇన్సూరెన్స్ నేను అడగలేదు, తీసేయండి, డబ్బు ఇవ్వండి అన్నాను. ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పంపారు. చివరికి తేలిందేమంటే, వద్దనుకుంటే చెప్పడానికి కొన్ని రోజుల గడువు ఇస్తారట, అది దాటిపోయి నెలలైంది, కాబట్టి డబ్బు రాదు. రాలేదు కూడా. కానీ ముందే కట్టేస్తే ఎంత కట్టాలో కాగితం మీద రాసివ్వమన్నాను. ఇచ్చారు. అలా అడగొచ్చని కూడా నాకు అంతకుముందు తెలియదు. నాలుగు నెలల ముందే క్లోజ్ చేశాను. మిగిలింది పెద్ద డబ్బేమీ కాదు, కానీ ఆ ఆఫీసు మెట్లు దిగుతుంటే పక్కింటి అక్క నా వైపు చూసి, "నువ్వు లోపల అలా మాట్లాడతావని నాకు తెలీదే" అంది.

దీని తర్వాత వచ్చిన పొదుపు క్లాసు, బ్యాంకు ఖాతా క్లాసు గురించి రెండు ముక్కలు చాలు. బాగానే చెప్పారు, చాలావరకు తెలిసినవే. ఫోన్ మోసాల క్లాసు బాగుంది, చిన్నది, సూటిగా ఉంది: ఓటీపీ అడిగినవాడు ఎవడైనా దొంగే, తొందరపెట్టినవాడు దొంగే, ఫోన్ పెట్టేసి మనమే తిరిగి అసలు నంబరుకి చెయ్యాలి. అయిపోయింది. ఇరవై నిమిషాల్లో వదిలేశారు, దానికి వాళ్లకి ఒక దండం.

కానీ పొదుపు క్లాసులో ఒక గొడవ జరిగింది, అది చెప్పాలి. తమ్ముడు చిట్టీలు, చీటీ పాటలు రిస్కు, వాటి బదులు బ్యాంకులో వేసుకోండి అన్నాడు. రిస్కు మాట నిజమే, డబ్బెత్తుకుని పారిపోయిన వాళ్ల కథలు అందరికీ తెలుసు. మొదటి వరసలో ఒకామె లేచింది, ఇళ్లల్లో పని చేస్తుంది. "బాబూ, బ్యాంకులో వేస్తే మా ఆయన అడిగితే తీసి ఇచ్చేస్తాను. చిట్టీలో వేస్తే పదిమంది ఆడవాళ్లు నా ఇంటి ముందు నిలబడతారని భయం, కట్టి తీరతాను" అంది. తమ్ముడు ఏదో చెప్పబోతే మేడం ఆపారు. ఇలాంటివి ప్రపంచమంతా ఉన్నాయని, మెక్సికోలో తాండా అంటారని, ఘనాలో సుసు అంటారని, పేదవాళ్ల దగ్గర డబ్బు నిలవనివ్వని చేతులు ఎక్కడైనా ఒకటేనని అన్నారు. వడ్డీ రాకపోయినా జనం ఎందుకు వేస్తారంటే ఆమె చెప్పిన భయమే కారణం, ఆ భయాన్ని కొనుక్కుంటున్నాం మనం. నాకైతే ఆ రోజు పాఠం చెప్పింది ఆ మొదటి వరస ఆమే. మేడం చివర్లో ఒక్కటే జోడించారు, తెలియనివాళ్లతో, మన కంటికి కనపడని మనుషులతో చిట్టీ వద్దు అని. అది చాలు.

రెండు డబ్బాల సంగతి కూడా మేడందే. కుట్టు డబ్బు ఒక డబ్బాలో, ఇంటి డబ్బు ఒక డబ్బాలో, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తీస్తే చీటీ రాసి వెయ్యాలి. ఇంతే. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లని గుంపులుగా చేసి, ఒక గుంపుకి పద్ధతిగా అకౌంట్లు రాయడం నేర్పారట, ఇంకో గుంపుకి ఇలాంటి మోటు సూత్రాలే చెప్పారట. 2014లో వచ్చిన ఆ పరిశోధనలో మోటు సూత్రాల వాళ్ల లెక్కలే బాగుపడ్డాయి, అకౌంట్లు నేర్చుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. నేను డబ్బాలు పెట్టి నెల తిరగకముందే తెలిసింది, తెలిసినవాళ్లకి అప్పుకి కుట్టి ఇచ్చిన బట్టల ఖర్చంతా ఇంటి డబ్బాలోంచే పోతోందని. ఇన్నాళ్లు ఇంటి ఖర్చు ఎక్కువవుతోందని నన్ను నేనే తిట్టుకున్నాను. చీటీలు తీసి చూస్తే దారాలు, బటన్లు, లైనింగ్ గుడ్డ అన్నీ ఇంటి డబ్బుతోనే కొంటున్నాను, కుట్టుకూలి మాత్రం ఇవ్వాల్సినవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు సగం అడ్వాన్సు లేనిదే గుడ్డ మీద కత్తెర పెట్టడం లేదు. ఇద్దరు అలిగారు, ఒకరు తిరిగొచ్చారు.

ఇప్పుడు తిట్లు.

ఏడో వారం హాల్లోకి ఒక కొత్తాయన వచ్చాడు. టై, బ్యాగు, నవ్వు. అతిథి ఉపన్యాసం అన్నారు. మొదట పావుగంట కుటుంబ భద్రత గురించి మాట్లాడాడు, కళ్లల్లో నీళ్లు తిరిగేలా. ఆ తర్వాత బ్యాగులోంచి ఫారాలు. ఇన్సూరెన్స్, పొదుపు రెండూ కలిపిన పాలసీ, ఏటా కట్టాలి, చాలా ఏళ్లు. నేను మేడం వైపు చూశాను, ఆవిడ ఆ రోజు రాలేదు. తమ్ముడు గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మేం అప్పటికే మూడో వారం పాఠం విని ఉన్నాం కాబట్టి ప్రశ్నలు మొదలుపెట్టాం. మధ్యలో కట్టలేకపోతే ఎంత వెనక్కిస్తారు? మొదట్లోనే మానేస్తే కట్టినదాంట్లో చాలా పోతుందని నాలుగుసార్లు అడిగాక ఒప్పుకున్నాడు. రోజు కూలీకి వెళ్లే మనిషికి పదిహేనేళ్లు ఆపకుండా కట్టే పాలసీ అమ్మడం అంటే ఏమనుకోవాలి? మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చే ఉత్త టర్మ్ ఇన్సూరెన్స్ వేరే ఉంటుంది, చాలా తక్కువకి వస్తుంది, అది ఈయన బ్యాగులో లేదు. అయినా ఇద్దరు సంతకాలు పెట్టారు. మొదటి రోజు నా అనుమానం నిజమైందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఎనిమిదో వారం మేడం వచ్చాక చెప్పాం. ఆవిడ ముఖం ఎర్రబడింది, తనకి తెలియదన్నారు, నమ్ముతాను. ఆ ఇద్దరితో ఫారాలు వెనక్కి తీసుకునే ఉత్తరం రాయించారు, గడువు ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. కానీ ఎవరు పిలిచారో ఎవరూ చెప్పలేదు. ఈ ఒక్కదానికే నేను ఒక మార్కు కోశాను.

ఇంకొకటుంది. స్లైడ్లన్నిటిలో ఒక రకం సణుగుడు వినపడుతుంది, మీకు తెలియక పేదవాళ్లయ్యారు, తెలిస్తే బాగుపడతారు అన్నట్టు. తెలియకపోవడం కొంత నిజమే, 34 శాతానికి 14 అని చెప్పుకుని తిరిగినదాన్ని నేనే. కానీ ఆ లోన్ తీసుకున్న రోజు నాకు 34 అని తెలిసినా తీసుకునేదాన్నేమో, మెషిన్ లేకపోతే వచ్చిన ఆర్డరు పోతుంది, తక్కువ వడ్డీకి ఇచ్చేవాడు నా గడప తొక్కడు. తమిళనాడులో చెరుకు రైతుల మీద ఒక పరిశోధన జరిగింది, 2013లో అచ్చయింది. అదే రైతు కోతకి ముందు, చేతిలో డబ్బు లేనప్పుడు, బుర్రకి పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డాడు, కోత అయి డబ్బొచ్చాక బాగా చేశాడు. మనిషి మారలేదు, చదువు మారలేదు. టెన్షన్‌లో ఉన్న బుర్ర లెక్క వెయ్యదు. మేడంకి ఇది తెలుసు, స్లైడ్లు తయారుచేసినవాళ్లకి తెలియదు.

మా అమ్మాయి ఇంకో సంగతి చదివి చెప్పింది. ఇలాంటి చదువు మీద జరిగిన రెండు వందలకి పైగా పరిశోధనల్ని కలిపి చూసి 2014లో ముగ్గురు రాశారట, ఎన్ని గంటలు చెప్పినా ఇరవై నెలలు దాటితే మనుషులు డబ్బుతో చేసే పనుల్లో తేడా దాదాపు కనపడదని, ఆదాయం తక్కువున్న వాళ్లలో ప్రభావం ఇంకా తక్కువని. 2022లో వేరేవాళ్లు 76 ప్రయోగాలు కలిపి చూసి, లేదు, పని చేస్తోంది, అంత తొందరగా ఏమీ పోవడం లేదు అన్నారట. పండితులు తేల్చుకోనీ. నా లెక్క చెప్తాను. ఐదు నెలలకి నా బుర్రలో మిగిలినవి: ఫ్లాటా తగ్గేదా అన్న ప్రశ్న, మెట్ల బొమ్మ, రెండు డబ్బాలు, తక్కువ వారం. మ్యూచువల్ ఫండ్ల క్లాసు మొత్తం పోయింది. నాకు అప్పుడు అవసరమైనవి ఉన్నాయి, అవసరం లేనివి పోయాయి. సంతకం పెట్టబోయే వారం ఎవరైనా పక్కన కూర్చుని ఆ కాగితం చదివిపెడితే ఎనిమిది శనివారాలూ అక్కర్లేదు. న్యూయార్క్‌లో 2008 నుంచి నగరపాలక సంస్థే ఇలా ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ఉచితంగా సలహా ఇచ్చే సెంటర్లు నడుపుతోందని మేడం చెప్పారు. మాకూ వారానికి ఒక పూట అలా పెట్టండి అని చివరి రోజు అభిప్రాయాల కాగితంలో రాశాను. నాతో పాటు ఇంకో ఆరుగురు అదే రాశారు, ఎందుకంటే నేనే పక్కన కూర్చుని రాయించాను.

వెళ్లాలనుకునేవాళ్లకి: చేతిలో అప్పు ఉన్నవాళ్లు, అప్పు తీసుకోబోతున్నవాళ్లు తప్పకుండా వెళ్లండి. బాకీల్లేవు, కాస్త డబ్బు మిగులుతోంది, ఎక్కడ పెట్టాలో తెలియదు అనేవాళ్లకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. మొదటి రోజే అడగండి, బయటివాళ్లు ఎవరైనా వచ్చి ఏదైనా అమ్ముతారా అని, అందరి ముందు గట్టిగా అడగండి. సర్టిఫికెట్ ఇస్తారు, దానితో ఏ పనీ జరగదు, మా ఇంట్లో అది స్కేలు లేనప్పుడు గీతలు గీయడానికి పనికొస్తోంది. మైకు వద్దని చెప్పండి, ఆ హాల్లో మైకు పెడితే ఒక్క ముక్క వినపడదు.

కొత్త బ్యాచ్ వచ్చే నెల మొదలవుతుందని మళ్లీ గోడ మీద కాగితం వేశారు. ఈసారి కింద పెన్నుతో ఎవరో రాశారు, లోన్ కాగితాలు తెచ్చుకోండి అని. మేడం చేతిరాతలా ఉంది. నేను మూడో వారానికి మాత్రం మళ్లీ వెళ్తాను. పక్కింటి అక్క ఫ్రిజ్ వాయిదాల మీద తీసుకుంది, జీరో వడ్డీ అన్నారట, ప్రాసెసింగ్ మాత్రం వేరేనట.